పందిరి కింద నూటఎనభై వోల్టులు

పావాయికి కోపం ఎక్కువని కాట్టుప్పాళయంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ మాటలో కాస్త అన్యాయం ఉంది. కోపం ఆమెకు అందరికీ ఉన్నంతే ఉంది, కారణాలే ఎక్కువ. పొద్దున్నే పాలలో నీళ్ళు ఒక కారణం. ఆరున్నర టౌను బస్సు ఏడుంబావుకు రావడం ఒక కారణం. వదిన రసంలో ఉప్పు మరిచిపోయి, "ఇవాళ్టికి పథ్యం అనుకో" అనడం ఇంకో కారణం. యాభై నాలుగేళ్ళ మనిషి ఇన్నింటిని మోసుకుంటూ తిరుగుతుంటే, వీటన్నిటినీ తలదన్నే కారణం ఒకటి ఆకాశంలోంచి వచ్చి ఆమె పసుపు కళ్ళం మీద వేలాడింది.

అది నాలుగు లక్షల వోల్టుల లైను. ఒక టవరు అటు మిట్టమీద, ఇంకొకటి ఇటు మిట్టమీద పాతారు. మధ్యలో తీగలు బట్టలారేసే తాడులా కిందికి సాగి, సరిగ్గా పావాయి కళ్ళం నడిమధ్యకు వచ్చేసరికి అన్నిటికంటే కిందికి దిగాయి. కాగితం మీద గీసిన బొమ్మలో అవి చాలా ఎత్తున ఉన్నాయి. కాగితం మీద ఎండ ఉండదు కదా, తీగలు సాగవు.

ఎండలు మొదలయ్యే మాసి, పంగుని నెలల్లో చుట్టుపక్కల ఊళ్ళ పసుపంతా ఆ కళ్ళంలోనే ఉడుకుతుంది, అక్కడే ఎండుతుంది. పన్నెండు మంది ఆడవాళ్ళకు అక్కడే పని. లైనులో కరెంటు వదిలిన మూడో రోజున, అందరిలోకీ గట్టిమనిషైన అరుక్కాణి వట్టికాళ్ళతో వెళ్ళి ట్రాక్టరు ట్రయిలరు మీద చెయ్యి వేసింది. సుర్రుమంది. గంపెడు పసుపుతో సహా వెల్లకిలా పడింది. మర్నాడు గొడుగు ఊచ ఇంకొకామె చెవికి తగిలి చురక పెట్టింది. తీగల కింద నిలబడితే చేతుల మీద వెంట్రుకలు చీమలు పాకినట్టు లేచేవి.

లైను కంపెనీ మనిషి వచ్చి చూసి, "నాలుగు రోజులు పోతే అలవాటైపోతుందమ్మా" అన్నాడు. పక్కూరి డాక్టరు అరుక్కాణిని చూసి నరాల బలహీనత అని ఎర్ర మాత్రలు రాశాడు.

"అవి తీసుకెళ్ళి ఆ తీగలకు మింగించు" అంది పావాయి ఒళ్ళు మండిపోయి. "కిందికి జారింది అవి, నువ్వు కాదు."

పసుపు ఉడికించే డ్రమ్ములన్నిటికీ ఆమే ఇనపకడ్డీలు పాతించి ఎర్తు వేయించింది. రబ్బరు చక్రాల మీద తిరిగే ట్రాక్టరుకు ఎన్నిచోట్ల వేయిస్తుంది, మనుషులకు ఎక్కడ వేయిస్తుంది? ఊరి కుర్రాళ్ళు లైను కింద ట్యూబులైట్లు పట్టుకుని నిలబడి, అవి వాటంతటవే వెలుగుతుంటే ఫోటోలు తీయించుకున్నారు. పేపర్లో కూడా వచ్చింది. దానికీ పావాయికి కోపమే. "ట్యూబులైటు వెలిగిందని ఏ ఆఫీసులో రాసుకుంటార్రా? అంకె కావాలి, అంకె!" అని పేపరు మడిచి పొయ్యిలో పెట్టింది.

అంకె సంగతి ఆ ఊళ్ళో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పంతొమ్మిదో ఏట కోయంబత్తూరు పీళమేడులో ఒక రేకుల షెడ్డులో పనికి చేరి, షెడ్డు మూతపడేదాకా ఇరవయ్యారేళ్ళు ఆమె చేసిన పని ఒక్కటే. విద్యుత్ క్షేత్రాన్ని కొలిచే ప్రోబులు బిగించడం, అవి నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించడం. రెండు పెద్ద లోహపు పలకలు ఎదురెదురుగా నిలబెట్టి, వాటికి తెలిసినంత వోల్టేజి ఇచ్చి, మధ్యలో ప్రోబు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పిందా అని చూసేవాళ్ళు. చెప్పకపోతే పావాయి దాని మీద కూడా కోపపడేది. షెడ్డు వదిలి వచ్చేటప్పుడు చేతికందిన డబ్బంతా ఈ కళ్ళం గచ్చులో పోసింది.

ఒకసారి అరుక్కాణి అడిగింది. "అక్కా, ఆ ప్రోబు పెట్టె తీగను తాకదు కదా. గాల్లో ఉన్నదాన్ని ఎట్లా కొలుస్తుంది?"

"నువ్వు టౌను బస్సు ఎక్కుతావా?"

"రోజూ ఎక్కుతున్నా కదక్కా."

"డ్రైవరు బ్రేకు వేస్తే జనం ఎటు పడతారు?"

"ముందుకి."

"మళ్ళీ తోలితే?"

"వెనక్కి. నా మీదే పడతారు, సచ్చినోళ్ళు."

"అంతే. పెట్టెలో రెండు లోహపు రేకులు ఎడమెడంగా ఉంటాయి. ఒకటి బస్సు ముందు సగం, ఇంకొకటి వెనక సగం. పైన ఆ తీగ ఉంది చూడు, అదే డ్రైవరు. సెకనుకు యాభైసార్లు అటు తోస్తాడు, ఇటు తోస్తాడు. రేకుల్లో ఉన్న కరెంటు జనంలాగా ఒక సగంలోంచి ఇంకో సగంలోకి పరుగెడుతుంది. మధ్యలో కండక్టరు నిలబడి ఎంతమంది దాటారో లెక్కపెడతాడు. ఎక్కువమంది దాటితే డ్రైవరు గట్టిగా తోసినట్టు. ఇందులో ఎవరైనా డ్రైవర్ని తాకారా?"

"లేదు."

"అదీ సంగతి. డ్రైవరు బండిని ఎటు తిప్పుతాడో తెలియదు కనక అట్లాంటి జతలు మూడు, మూడు దిక్కులకు."

"మరి కండక్టరు టికెట్టు డబ్బులు మింగితే?"

"అందుకే నన్ను పెట్టుకున్నారు" అంది పావాయి.

షెడ్డులో కొత్తగా చేరిన ఆడపిల్లలకు ఆమె నేర్పే మొదటి పాఠం మూడు మాటలు: "పెట్టు, వెనక్కి రా." ప్రోబును శుభ్రమైన పొడి స్టాండు మీద పెట్టాలి, దూరంగా వచ్చేయాలి. మనిషి ఒళ్ళంతా ఉప్పునీళ్ళే. పక్కన నిలబడితే గాల్లో ఉన్నదాన్ని తనవైపు లాగేసుకుంటాడు, ప్రోబు అబద్ధం చెబుతుంది. అందుకే దాని అంకెలు వెంట్రుకంత గాజు తీగలో వెలుతురుగా దూరంగా ఉన్న చేతి మీటరుకు వస్తాయి, లోహపు తీగ కూడా వేయరు. మరిచిపోయి ప్రోబును చేత్తో పట్టుకున్న పిల్లకు చెక్క స్కేలుతో వేళ్ళ మీద ఒక్కటి పడేది. ఆ పిల్లలు ఇప్పుడు అమ్మమ్మలైనా ఆ దెబ్బ మరిచిపోలేదు.

అర్జీల మీద అర్జీలు పెట్టాక కలెక్టరాఫీసు నుంచి ఒక మాట వచ్చింది. కంపెనీ ఇంజనీరు ఊరి సమక్షంలో కొలుస్తాడు. మీటరు దూరానికి ఐదువేల వోల్టులు దాటితే తీగలు పైకెత్తి తీరాలి. దాటకపోతే అర్జీ మూసేస్తారు, మళ్ళీ తెరవరు.

ఆ రోజు పావాయి నోరు మెదపకూడదని ఆమె అన్న రాక్కియప్పన్ ముందే ఒట్టు వేయించుకున్నాడు. ఆయన ఊరికి పెద్ద, మెత్తటి మనిషి. కుక్కను అదిలించినా "వెళ్ళండి" అనే రకం. ఒట్టుకు కారణం ఉంది. కిందటి నెల కలెక్టరాఫీసు వరండాలో నిగనిగలాడే బూట్లు వేసుకున్న ఒకాయన్ని పట్టుకుని పావాయి పావుగంట ఏకబిగిన తిట్టింది. ఆయన తల దించుకుని అన్నీ విన్నాడు. అంతా అయ్యాక, "మీరు చెప్పింది న్యాయమేనండి. నేను మా అమ్మాయికి ఆదాయం సర్టిఫికెట్టు కోసం వచ్చానండి" అన్నాడు.

"నీ కోపం మంచిదే అమ్మణీ, గురే సరిగా లేదు" అన్నాడు రాక్కియప్పన్. "రేపొక్క రోజు ఊరుకో."

ఊరుకోవడమే కాదు, కొలిచే రోజు పొద్దున్నే ఆమెను కొడుముడి పంపించాడు, ఇంజనీరుకు పూలదండ తెమ్మని. తన కళ్ళం మీద తీగలు వేలాడదీసినవాడికి తానే దండ మోసుకురావడం! తిరుగు బస్సులో ఒళ్ళో దండ పెట్టుకుని పావాయి పళ్ళు పటపటా కొరుకుతుంటే, పక్క సీటామె "పెళ్ళికాండీ?" అని అడిగింది. "కాదు, తద్దినానికి" అంది పావాయి. ఆమె లేచి వేరే సీట్లోకి పోయింది.

పదకొండున్నరకు కళ్ళం చేరిన పావాయి గుమ్మం దగ్గరే రాయిలా నిలబడిపోయింది.

కళ్ళం మధ్యలో పందిరి. పొద్దున తాను వెళ్ళేటప్పుడు లేదు. మూడు గంటల్లో లేపారు. పైన దట్టంగా పచ్చి కొబ్బరాకులు. నాలుగు మూలలా గెలలతో అరటిచెట్లు. ఇంటికి వచ్చినవాడు శత్రువే కానీ, ఎండలో నిలబెట్టడం కాట్టుప్పాళయంలో ఎవరి వల్లా కాదు. పందిరి కింద కుర్చీ. కుర్చీ పక్కన ఇంజనీరు భరణిధరన్, ముప్పై ఏళ్ళవాడు, నుదుటికి చేయి అడ్డం పెట్టుకుంటే అది చూడలేక రాక్కియప్పన్ పందిట్లో కూడా ఆయనకు గొడుగు పట్టాడు. ఎవరో పన్నీరు చిలకరిస్తున్నారు. చుట్టూ ముప్పైమంది, భుజానికి భుజం తగిలేట్టు. వాళ్ళందరి నడుమ, నడుమెత్తు స్టాండు మీద, పన్నీటి చుక్కలతో తడిసి, పెళ్ళిపీటల మీద బిక్కమొహం వేసిన పెళ్ళికొడుకులాగా ప్రోబు.

పావాయి నాలిక చివరికి ఒక కేక వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి మింగింది.

భరణిధరన్ చేతి మీటరు చూసి అందరికీ వినబడేట్టు చదివాడు. "నూటఎనభై వోల్టులు. పరిమితి ఐదువేలు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఓడిపోయామని తప్ప. అరుక్కాణి తన చేతివంక చూసుకుంది, చేతిదే తప్పయినట్టు. "మరి నాకు తగిలిందేమిటండీ?" అంది చిన్నగా.

"ఒక్కోసారి అట్లా అనిపిస్తుందమ్మా." భరణిధరన్ ఫైలు తెరిచి పెన్ను తీశాడు. "పెద్దాయనా, ఇక్కడొక సంతకం పెట్టండి."

"పెడతానండి. ముందు కొబ్బరినీళ్ళు తాగండి, ఎండన పడి వచ్చారు" అన్నాడు రాక్కియప్పన్. కొబ్బరిబోండాం చేయి చాచి ఇచ్చాడు.

ఆ బోండాం చూశాక పావాయి వల్ల కాలేదు.

దండ విసిరేసింది. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ పందిట్లోకి దూరింది. స్టాండు మీంచి ప్రోబును పీకి, గాజు తీగ వెనకాల ఈడ్చుకు వస్తుంటే, ఎండలోకి నడిచి తీగల కింద నిలబడి, రెండు చేతులతో తలపైకెత్తింది.

"ఇప్పుడు చదువు! అట్లా అనిపిస్తుందట! చదవవయ్యా!"

భరణిధరన్ చేతి మీటరు చూసుకున్నాడు. కనుబొమలు లేచాయి. "నలభై ఒక్క వెయ్యి."

ఊరంతా ఒక్కసారి హోరెత్తింది. అరుక్కాణి ఈల వేసింది. రాక్కియప్పన్ గొడుగు కింద పడేశాడు.

భరణిధరన్ మాత్రం నవ్వాడు. తాపీగా సంచీలోంచి ఒక పుస్తకం తీసి వేలు పెట్టి చదివాడు. "చెల్లదమ్మా. వినండి. ప్రోబును చేత్తో పట్టుకోకూడదు. మనిషి శరీరం దగ్గరుంటే క్షేత్రం వంకర తిరుగుతుంది. పొడి స్టాండు మీద పెట్టి, అందరూ కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలి. మీరు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, మీ ఒళ్ళు లాగిందంతా దాని మీదే పడింది. ఇది తెలియనివాళ్ళు ముట్టుకోకూడదు."

పావాయి చేతులు నెమ్మదిగా దిగాయి.

ఇరవయ్యారేళ్ళు. ఎంతమంది పిల్లల వేళ్ళ మీద కొట్టింది! పెట్టు, వెనక్కి రా. ఇప్పుడు తానే, ఊరందరి ముందర, పూనకం వచ్చినదానిలా ప్రోబును నెత్తికెత్తుకుని నిలబడింది. మొహం చెవులదాకా ఎర్రబడింది. ఆ షెడ్డులో చివరగా చేరిన పిల్ల కూడా ఇట్లా చేసి ఉండదు. ఎవరైనా చెక్క స్కేలు పట్టుకొచ్చి తన వేళ్ళ మీద కొడితే బాగుండుననిపించింది.

సిగ్గుతో తల దించుకుందేకానీ చెవులు మూసుకోలేదు. విన్న మాట లోపల ఒకసారి తిరిగింది. ఇంకోసారి తిరిగింది. అప్పుడు కోపం, కలెక్టరాఫీసు వరండాలో దారి తప్పిన కోపమే, ఈసారి నేరుగా వెళ్ళి గురికి తగిలింది.

"ఇంకోసారి చదవండి" అంది. గొంతు పెంచలేదు. ఊళ్ళోవాళ్ళకు భయం వేసింది అందుకే.

"ఏది?"

"అదే. మనిషి దగ్గరుంటే..."

"మనిషి శరీరం దగ్గరుంటే క్షేత్రం వంకర..."

"ఆఁ. మీకు తెలుసన్న మాట."

భరణిధరన్ పుస్తకం మూయబోయి ఆగాడు.

"అన్నా, ఇందాక ఈయన కొలిచేటప్పుడు పెట్టె చుట్టూ ఎంతమంది ఉన్నారు?"

"అందరం ఉన్నాం అమ్మణీ."

"గొడుగు ఎవరు పట్టారు?"

"నేనే. పాపం, ఎండ..."

"పైన పచ్చి కొబ్బరాకు. నాలుగు వైపులా అరటిబోదెలు, పిండితే నీళ్ళు కారేవి. ఆ నీళ్ళన్నీ పైనుంచి వచ్చేదాన్ని పట్టుకుని భూమిలోకి దింపేస్తాయి. పెట్టెకు మిగిలింది ఏముంది? చేత్తో పట్టుకుంటే ఎక్కువ చూపిస్తుందని పుస్తకం తీసి మరీ చదివారే, పందిరి కింద పెడితే తక్కువ చూపిస్తుందని ఆ పుస్తకంలో లేదా? ఆ పేజీ చిరిగిపోయిందా?"

"పందిరి మీవాళ్ళే వేశారమ్మా. నేను వేయమన్నానా?"

"వేసింది మా తెలివితక్కువ. దాని కింద నిలబడి కొలిచింది ఎవరి తెలివి?"

భరణిధరన్ చెమట తుడుచుకున్నాడు. ఈసారి గొడుగు పట్టడానికి ఎవరూ కదల్లేదు. రాక్కియప్పన్ చేయి మాత్రం అలవాటు కొద్దీ గొడుగువైపు వెళ్ళి వెనక్కి వచ్చింది.

"మళ్ళీ కొలుస్తాను" అన్నాడు భరణిధరన్.

పందిరిని లేపినంత సేపు పట్టలేదు విప్పడానికి. అరటిచెట్లు గెలలతో సహా గేటు బయట పడ్డాయి. ట్రాక్టరును రోడ్డెక్కించారు. కష్టమైంది మనుషులను కదపడమే. వచ్చినాయన్ని నడి ఎండలో ఒంటరిగా వదిలేసి ముప్పై అడుగుల అవతల నిలబడమంటే, ఆ ఊరివాళ్ళకు కాళ్ళు రాలేదు. రెండడుగులు వేసి, "మంచినీళ్ళయినా ఇచ్చి..." అని ఒకరు వెనక్కి తిరిగితే, పావాయి గుడ్లురిమి చూసింది. వెళ్ళిపోయారు.

భరణిధరన్ తీగలు అన్నిటికంటే కిందికి దిగిన చోట స్టాండు నిలబెట్టి ప్రోబు పెట్టబోయాడు.

"ఆగండి" అని పావాయి వెళ్ళి, చీరకొంగుతో స్టాండు మీది పన్నీటి తడిని పైనుంచి కిందిదాకా, కాళ్ళ సందుల్లో కూడా, తుడిచింది. "తడి ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ నాకొద్దు."

భరణిధరన్ ఆమెవంక చూశాడు. అది తన పుస్తకంలో ఎన్నో పేజీలో ఉందో ఆయనకు తెలిసినట్టే ఉంది. "ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాడు. 'అమ్మా' పోయి 'అండీ' వచ్చింది.

"ఇది తెలియనివాళ్ళు ముట్టుకోకూడదు" అంది పావాయి. "పెట్టండి. వెనక్కి రండి."

పెట్టాడు. వెనక్కి వచ్చాడు. పచ్చటి పసుపు కుప్పల మధ్య, బట్టబయట, ప్రోబు ఒక్కటే మిగిలింది. పైన తీగలు జుమ్మంటున్నాయి. అరుక్కాణి తన చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది.

భరణిధరన్ మూడుసార్లు చదివి, మూడుసార్లూ రాసుకుని, అప్పుడు పైకి చెప్పాడు. "ఎనిమిదివేల నాలుగు వందలు."

ఈసారి ఎవరూ హోరెత్తలేదు. ఒకసారి కేకలు వేసి మోసపోయారు కనక అందరూ పావాయి మొహం చూశారు. ఆమె తల ఊపింది. అప్పుడు అరుక్కాణి ఏడ్చింది. "నరాలు కావక్కా" అంది. "నరాలు కావు." ఆ మాటే నాలుగైదుసార్లు అంది.

సంతకాలయ్యాయి. భరణిధరన్ గాజు తీగ చుట్టుకుంటుంటే పావాయి ఆయన పక్కన నిలబడి అడిగింది. "పందిరి కింద నూటఎనభై చూసినప్పుడు, అది తప్పని మీకు తెలుసా, తెలియదా? ఆ ఒక్కటి చెప్పి వెళ్ళండి."

ఆయన తీగ చుట్టడం ఆపలేదు. "నన్ను కొలవమన్నారండి. కొలిచాను. అడిగితే చెప్పేవాణ్ణి."

ఇరవయ్యారేళ్ళ షెడ్డు పనిలో, పాలవాడి మీద, బస్సు మీద, వదిన రసం మీద ఎన్ని తిట్లు పోగేసిందో అన్నీ వెతికింది పావాయి. ఈ మాటకు సరిపోయేది ఒక్కటీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా కోపం వచ్చింది.

"అయ్యా, భోజనం చేసి వెళ్ళాలండి, బియ్యప్పిండితో వేడివేడిగా సందగై సేమ్యా చేయించాం" అని రాక్కియప్పన్ జీపు వెంట నాలుగడుగులు పరుగెత్తాడు. జీపు ఆగలేదు. ఆయన దుమ్ములో నిలబడి, అతిథి తినకుండా వెళ్ళాడని నిజంగానే బాధపడ్డాడు.

ఆ సందగై, కొబ్బరిపాలు, బెల్లం పెట్టిన గిన్నెలు పావాయి తన ముందుకు లాక్కుంది. ఇంజనీరు కోసం వేసిన పెద్ద అరిటాకులో మూడు వాయిలు తింది. తింటున్నంతసేపూ ఒక్కొక్క ముద్దనూ ఎవరి పీకో పిసికినట్టు పిసికింది. విసిరేసిన దండను అప్పటికే మేక సగం తినేసింది.

ఎండాకాలం పోయాక ఆడి నెలలో రెండు టవర్లకూ కాళ్ళు పొడిగించి తీగలు పైకెత్తారు. మరుసటి నెల ఆవణిలో రాక్కియప్పన్ మనవరాలికి చెవులు కుట్టించారు. పందిరికి గుంజలు పాతబోతూ ఆయన ఆగి, వాకిట్లోంచి లోపలికి కేకేశాడు. "అమ్మణీ! ఇక్కడ వేస్తే ఫరవాలేదా?"

"వేయి" అని అరిచింది పావాయి వంటింట్లోంచి. "కానీ ఆ గుంజ ఒరిగింది చూడు. కళ్ళు లేవా?"